గుప్పిట విప్పినవాళ్లు

ఇప్పుడు ఈఫిల్ టవర్ నిలబడి ఉన్న షాం ద మార్స్ మైదానంలో, 1798 సెప్టెంబరులో, చెక్క కమానులతో వరసగా అంగళ్లు కట్టారు. మధ్యలో ఒక మండపం వేసి దానికి పరిశ్రమ ఆలయం అని పేరు పెట్టారు. విప్లవం మొదలై తొమ్మిదేళ్లు గడిచాయి. చుట్టూ యుద్ధాలు. ఖజానాలో డబ్బు లేదు. అలాంటి రోజుల్లో దేశీయాంగ మంత్రి ఫ్రాన్స్వా ద నఫ్‌షాతోకు ఒక ఆలోచన వచ్చింది. సైనికుల కవాతులు, జెండాల ఊరేగింపులు జనం చాలా చూశారు, ఈసారి దేశంలో వస్తువులు చేసేవాళ్లను పిలిచి వాళ్ల చేతిపనిని జనానికి చూపిద్దాం అనుకున్నాడు. ఆయన కవి కూడా. వచ్చినవాళ్లు 110 మంది. గడియారాలు చేసే బ్రెగె, అక్షరాల అచ్చులు పోసే దిదో, కొలత పరికరాలు చేసే లెన్వార్, పింగాణీ వాళ్లు, ఇనుప పొయ్యిల వాళ్లు, నూలు వడికేవాళ్లు, మేజోళ్లు అల్లేవాళ్లు. ఒక దేశం తన పనివాళ్లను ఇలా ఒకచోట నిలబెట్టి, ఇదిగో వీళ్లు మా గొప్పవాళ్లు అని చాటడం అదే మొదలు.

పందొమ్మిదో శతాబ్దపు పారిశ్రామిక ప్రదర్శనల గురించి చదివినప్పుడల్లా నన్ను పట్టి నిలిపేది ఆ వస్తువుల తళుకు కాదు. అంతకుముందు వందల ఏళ్లుగా బిగిసి ఉన్న గుప్పిళ్లు అక్కడ విప్పుకోవడం. చేతివృత్తి అంటేనే గుట్టు. ఏ లోహంలో ఏది ఎంత కలపాలి, ఏ రంగుకి ఏ నీళ్లు పోయాలి, కొలిమి ఎప్పుడు ఆర్పాలి అన్నవి తండ్రి కొడుక్కి, గురువు శిష్యుడికి చెవిలో చెప్పవలసిన మాటలు. కూతురికి నేర్పితే విద్య అత్తారింటికి పోతుందని నేర్పని కుటుంబాలు మనకీ తెలుసు. ఫ్రాన్సులో వృత్తి సంఘాలు ఆ గుట్టుకి కాపలా కాసేవి. సంఘంలో చేరనివాడు ఆ పని చేయకూడదు, చేరినవాడు గడప దాటించకూడదు.

1791లో రెండు చట్టాలు ఈ కట్టుబాటును మార్చేశాయి. జనవరిలో వచ్చిన పేటెంట్ చట్టం ప్రకారం, కొత్తది కనిపెట్టినవాడు తన పద్ధతిని పూర్తిగా రాసి, బొమ్మలు గీసి ప్రభుత్వానికి ఇవ్వాలి. బదులుగా 5, 10 లేదా 15 ఏళ్లపాటు ఆ పని మీద హక్కు అతనిదే. గడువు తీరాక అది అందరిదీ. మార్చిలో వచ్చిన చట్టం వృత్తి సంఘాల గుత్తాధిపత్యాన్ని ఎత్తేసింది. ఇక పనివాడు తన విద్యను దాచుకునే బతకాల్సిన అవసరం లేదు, చూపించి కూడా బతకొచ్చు. షాం ద మార్స్‌లో ఆ 110 మంది అలా బయటికొచ్చి నిలబడ్డారంటే దాని వెనక ఈ భరోసా ఉంది. చూపించినందుకు నోటి దగ్గర కూడు పోదు, పేరు చెరిగిపోదు అన్న నమ్మకం కలిగితేనే మనిషి గుప్పిట విప్పుతాడు. ఆ నమ్మకం ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నదే ఈ ప్రదర్శనల అసలు చరిత్ర అని నేను అనుకుంటాను.

ఆ ఏడు మన్నన పొందిన పన్నెండు మందిలో నికోలా కోంతే ఒకడు. ఆయన చూపించింది పెన్సిళ్లు. అప్పట్లో మంచి పెన్సిల్ అంటే ఇంగ్లండులోని బొరోడేల్ గనుల్లో దొరికే స్వచ్ఛమైన గ్రాఫైట్‌ను ముక్కలుగా కోసి కర్రలో పొదగడమే. యుద్ధం వచ్చి ఆ గ్రాఫైట్ రావడం ఆగిపోయింది. కోంతే నాసిరకం గ్రాఫైట్‌ను పొడి కొట్టి, మెత్తటి బంకమన్ను కలిపి, సన్నటి పుల్లలుగా చేసి బట్టీలో కాల్చాడు. మన్ను పాలు పెంచితే గీత గట్టిగా, లేతగా పడుతుంది. తగ్గిస్తే మెత్తగా, నల్లగా పడుతుంది. గనిలో ఎలా దొరికితే అలా వాడుకోవాల్సిన వస్తువు, మనిషికి కావలసిన పాళ్లలో తయారయ్యే వస్తువుగా మారింది. 1795లో పేటెంట్ తీసుకున్నాడు. ఈనాటికీ మన పిల్లలు బడికి తీసుకెళ్లే పెన్సిల్ మీద హెచ్‌బీ అని, టూబీ అని ఉండే గుర్తులు ఆ మన్ను పాళ్ల తేడానే చెబుతాయి. కోంతే మొదట చిత్రకారుడు. బెలూన్లలో నింపే వాయువు మీద ప్రయోగాలు చేస్తుంటే పేలుడు జరిగి ఒక కన్ను పోయింది. తన పెన్సిళ్లకు పారిస్‌లో మన్నన దక్కుతున్న ఆ రోజుల్లో ఆయన ఊళ్లోనే లేడు. నెపోలియన్ సైన్యం వెంట ఈజిప్టులో ఉన్నాడు. ఫ్రెంచి నౌకాదళం అబూకిర్ దగ్గర మునిగిపోయాక, సైన్యానికి కావలసిన పనిముట్లన్నీ కైరోలోనే చేయించే బాధ్యత ఆయన మీదే పడింది.

ఆ ప్రదర్శనకు ఒక కోపం కూడా ఉంది. ఇంగ్లండు పరిశ్రమకు అందరికంటే పెద్ద దెబ్బ కొట్టినవాడికి బంగారు పతకం ఇస్తామని నఫ్‌షాతో ప్రకటించాడు. అయినా ఆ పన్నెండు మందిలో షాంతియీ పింగాణీ వాడు పాటర్ ఇంగ్లండులో పుట్టినవాడే. బ్రెగె స్విస్. పనితనానికి ఊరూ జెండా ఒక హద్దు కాలేదన్నది నాకు సంతోషం కలిగించే సంగతి.

తర్వాత 1801లో, 1802లో, 1806లో, అలా 1849 వరకు, 1798 నాటిదానితో కలిపి, ఇలాంటి ప్రదర్శనలు మొత్తం పదకొండు జరిగాయి. లూవ్ర్ ప్రాంగణంలో కొన్ని, షాంజెలిజేలో కొన్ని. చివరిదానికి వచ్చినవాళ్లు 4,500 మంది దాకా ఉన్నారు.

1801లో లియాన్ నుంచి ఒక నేతగాడి కొడుకు వచ్చాడు. ఝోసెఫ్ మారీ జాకార్. పూల పట్టు నేసేటప్పుడు మగ్గం పక్కన మరో మనిషి, చాలాసార్లు చిన్నపిల్లలు, పడుగు దారాలకు కట్టిన తాళ్లను లెక్క ప్రకారం లాగుతూ ఉండాలి. నడుము విరిగే పని. ఆ మనిషి అవసరం లేకుండా చేసే మగ్గం ఒకటి జాకార్ చూపించాడు. దానికి కంచు పతకం వచ్చింది. అంటే పెద్దగా ఎవరూ మురిసిపోలేదన్నమాట. కానీ ఆ తర్వాత ఆయన పారిస్‌లోని శిల్పవృత్తుల సంగ్రహాలయం దాకా వెళ్లాడు. అక్కడ వోకాంసోన్ అనే యంత్ర నిపుణుడు ఎప్పుడో యాభై ఏళ్ల కిందట చేసి, ఎవరికీ పట్టక మూలపడ్డ మగ్గం ఉంది. దాన్ని విప్పి, చూసి, అంతకుముందు లియాన్‌లోనే కొందరు ప్రయత్నించిన చిల్లుల అట్టల పద్ధతిని దానితో కలిపి, 1804 నాటికి జాకార్ తన యంత్రాన్ని పూర్తి చేశాడు. ఒకడు విడిచిపెట్టిన చోట మరొకడు అందుకోవడానికి ఆ పాత మగ్గం నలుగురికీ కనబడే చోట ఉండటమే కారణం. ఏ ఇంటి అటక మీదో ఉండి ఉంటే చెదలు తినేది.

ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో నేను పుస్తకంలో చదివితే బుర్రకెక్కలేదు. ధర్మవరంలో ఒక నేతగాడి ఇంట్లో గుంట మగ్గం పక్కన కూర్చుని చూశాక తెలిసింది. మగ్గం నెత్తిన, ఇంటి దూలానికి దగ్గరగా, జాకార్డు పెట్టె ఉంటుంది. దాని పక్కనుంచి చిల్లులు పొడిచిన అట్టలు దండలా వేలాడుతుంటాయి. నేతగాడు కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట జరిగి వచ్చి సూదుల వరస మీద ఒత్తుకుంటుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరిపోతుంది, దాని కొక్కెం నిలబడి ఉంటుంది, పైనున్న కత్తి దాన్ని పట్టి ఎత్తుతుంది, ఆ కొక్కేనికి కట్టిన పడుగు పోగులు లేస్తాయి. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం తప్పుకుంటుంది, పోగులు లేవవు. లేచిన పోగులకీ లేవని పోగులకీ మధ్య నాడె అటు నుంచి ఇటు దూకుతుంది. మళ్లీ తొక్కు, మళ్లీ అట్ట. చూస్తుండగానే కొంగు మీద హంస మెడ ఒక్కొక్క పేకకీ కొంచెం కొంచెంగా వంగుతూ వచ్చింది. ఒక అట్ట దారం తెగి తలకిందులైందట, అంతకుముందు నేసిన హంసకి ముక్కు లేదు. ఆయన దాన్ని వేలితో తడిమి చూపించి, నేసింది విప్పడం మొదలుపెట్టాడు. రెండు వందల ఏళ్ల కిందటి లియాన్ పనివాడి ఆలోచన ఆ ఇంట్లో తలమీద కదులుతోంది. ఆ పెట్టె లేని పెళ్లి పట్టుచీర ఇవాళ అరుదు.

1805 ఏప్రిల్‌లో నెపోలియన్ ఆ యంత్రం హక్కును లియాన్ నగరానికి ఇచ్చేశాడు. జాకార్‌కు ఏటా 3,000 ఫ్రాంకుల జీవిత పింఛను. అమ్ముడైన ఒక్కో యంత్రానికి 50 ఫ్రాంకులు, కొన్నేళ్లపాటు. తాళ్లు లాగే పని పోతుందని లియాన్ పనివాళ్లు ఆయన మీద మండిపడ్డారు, ఆ మంటలోనూ న్యాయం ఉంది. 1831లో అదే లియాన్ నేతగాళ్లు కూలిరేట్ల కోసం తిరగబడ్డారు. కనిపెట్టినవాడికి దక్కిన భరోసా నేసేవాడి దాకా దిగలేదు. అయితే 1839లో జాకార్ బొమ్మను ఆ యంత్రం మీదే 24,000 అట్టలతో పట్టులో నేసినప్పుడు, నేసిన మనిషి పేరు మాత్రం చరిత్రకు మిగిలింది. కార్కియా అని.

గుట్టే జీవనాధారమైనవాడు కూడా ఒకడు 1844 ప్రదర్శనకు వచ్చాడు. రోబెర్ ఊదాన్. తర్వాత ఫ్రాన్సు మొత్తానికీ పేరున్న ఇంద్రజాలికుడు అయ్యాడుగానీ, అప్పటికి గడియారాల పనివాడు. ఆయన తెచ్చింది బల్ల ముందు కూర్చుని రాసే, బొమ్మలు గీసే మరబొమ్మ. దాన్ని ఎలా చేశాడో తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ముఖం చెక్కమని ఒక శిల్పికి ఇస్తే, ఆ శిల్పి చర్చిలకు బొమ్మలు చేసేవాడట, ముఖం అచ్చం పుణ్యపురుషుడి ముఖంలా వచ్చింది. ఇక తనే మైనం పట్టుకుని చేస్తే, తెలియకుండానే తన పోలికలే దిగాయి. పని పూర్తయిన రోజు, నిన్ను చేసినవాడెవడు అని అడిగి మీట నొక్కితే, బొమ్మ ఆయన సంతకం చేసింది. రాజు లూయీ ఫిలిప్ కుటుంబంతో వచ్చి దాన్ని చూశాడు. రాజుగారి మనవడు కిరీటం గీయమన్నాడు. బొమ్మ గీస్తుండగా పెన్సిల్ ముల్లు విరిగింది. మళ్లీ మొదలుపెట్టబోతే రాజు ఆపి, నువ్వు బొమ్మలు నేర్చుకుంటున్నావు కదా, మిగతాది నువ్వే పూర్తి చెయ్యి అని మనవడితో అన్నాడట. నాలుగేళ్లు తిరక్కుండానే 1848లో ఆ రాజ్యం పోయింది, ఆ పిల్లవాడికి కిరీటం దక్కలేదు.

ఊదాన్ గురించి నాకు ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. జనాన్ని మాయ చేసి బతికినవాడు, 1868లో తన ఇంద్రజాల రహస్యాలన్నీ వివరిస్తూ పుస్తకం వేశాడు. వేళ్ల కదలిక నుంచి పేకముక్క దాచే తీరు దాకా. ఆ తర్వాత వచ్చిన ఇంద్రజాలికులు దానితో చదువుకున్నారు. గారడీ చచ్చిపోలేదు, బలపడింది.

డాగెర్ కథ దీనికి మరోవైపు. వెండి పూసిన రాగి రేకు మీద వెలుతురుతోనే బొమ్మ పట్టే పద్ధతిని, చనిపోయిన తన భాగస్వామి నియెప్స్ పని మీద నిలబడి ఆయన సాధించాడు. 1839లో ఫ్రెంచి ప్రభుత్వం ఆ రహస్యాన్ని కొనేసింది. డాగెర్‌కు ఏటా 6,000 ఫ్రాంకులు, నియెప్స్ కొడుకుకి 4,000. ఆగస్టు 19న శాస్త్రవేత్త అరాగో నిండు సభలో పద్ధతి చెప్పేశాడు. ఇక ఇది లోకానికి ఫ్రాన్సు కానుక అన్నారు. సరిగ్గా ఐదు రోజుల ముందు, ఆగస్టు 14న, డాగెర్ తరఫు మనిషి లండన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. లోకమంతా అంటే ఇంగ్లండు తప్ప అని అర్థం. అక్కడ ఫొటో తీయాలంటే డబ్బు కట్టాల్సిందే. తక్కిన చోట్ల మాత్రం ఆ విద్య గాలిలా పాకింది. 1844 ప్రదర్శన నాటికి పారిస్‌లో డాగెర్ పద్ధతి బొమ్మలు తీసి, పరికరాలు అమ్మి బతికేవాళ్లు ఎందరో అంగళ్లు పెట్టి ఉన్నారు. ఐదేళ్ల కిందట అది ఒక్కడి గదిలో ఉన్న రహస్యం.

ఇక్కడి దాకా చెప్పినవన్నీ గుప్పిట విప్పినందుకు ఏదో ఒకటి దక్కినవాళ్ల కథలు. 1806 ప్రదర్శన దగ్గరికి వచ్చేసరికి నా మనసు ఒక బంగారు పతకం దగ్గర ఆగిపోతుంది. అది క్రిస్తోఫ్ ఫిలిప్ ఒబెర్కాంఫ్‌కు ఇచ్చింది. జర్మనీలో అద్దకం పనివాడి కొడుకు. 1760లో వెర్సాయ్ దగ్గర జూయీ అనే ఊళ్లో, బియేవ్ర్ వాగు ఒడ్డున, పూల అద్దకం బట్టల కార్ఖానా పెట్టాడు. అచ్చులు అద్దేవాళ్లు, కుంచెతో నీలం దిద్దే ఆడవాళ్లు, పచ్చిక మీద పరిచి బట్ట ఎండబెట్టేవాళ్లు, వందల మంది. జూయీ బట్ట అంటే ఇప్పటికీ యూరప్‌లో ఒక పేరు.

ఆ బట్టలకు ఫ్రెంచివాళ్లు మొదట పెట్టుకున్న పేరు ఇండియెన్. మన కోరమండల్ తీరం నుంచి, మచిలీపట్నం, పుదుచ్చేరి రేవుల నుంచి వెళ్లిన అద్దకం బట్టలు అవి. ఉతికినా రంగు పోని బట్టలు. అప్పటిదాకా యూరప్‌కు నూలు మీద అలాంటి పక్కా రంగు పట్టించడం చేతకాదు. 1669లోనే ఫ్రెంచి కంపెనీ మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. ఫ్రెంచిపేట అన్న పేరు ఆ ఊళ్లో ఇంకా ఉంది. ఆ బట్టల ధాటికి ఫ్రెంచి పట్టు, ఉన్ని నేతగాళ్లు గగ్గోలు పెడితే, 1686లో వాటిని దిగుమతి చేయడాన్నే కాదు, ఫ్రాన్సులో వాటిని అనుకరించి అద్దడాన్ని కూడా రాజు నిషేధించాడు. 1759 దాకా ఆ నిషేధం ఉంది. అది ఎత్తేసిన మరుసటి ఏడే ఒబెర్కాంఫ్ కార్ఖానా మొదలైంది.

డెబ్బైమూడేళ్ల నిషేధంలో కూడా యూరప్ ఆ విద్య కోసం తపించింది. ఆర్మీనియా వర్తకుల దగ్గర కొంత, బట్టలను పరీక్షించి కొంత, ఇక్కడున్న తమవాళ్లు రాసిన ఉత్తరాల వల్ల కొంత నేర్చుకుంది. ఆ ఉత్తరాల్లో చాలా వివరమైనది 1742లో గస్తోన్ లోరాన్ కేర్దూ అనే జెసూయిట్ ఫాదర్ రాసినది. తెలుగు పాఠకుడు గుర్తుంచుకోవలసిన మనిషి ఆయన. తెలుగు నేర్చుకుని తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకీ చుట్టరికం ఉందని విలియం జోన్స్ కంటే ముందే పారిస్‌కు రాశాడు. పండితుడు, ఓపిక గలవాడు. ఆ ఓపికతోనే అద్దకం విద్యను మొదటి నుంచి చివరి దాకా రాసి పంపాడు. బట్టను ఎలా తెల్లగా చేయాలి, కరక్కాయ పొడిని గేదె పాలల్లో కలిపి ఎలా పట్టించాలి, ఇనుముతో నలుపు ఎలా తీయాలి, పటిక ఎక్కడ పూయాలి, చిరివేరుతో ఎలా ఉడికించి ఎరుపు రప్పించాలి, మైనం పూసి నీలిలో ఎలా ముంచాలి. అంతా ఉంది.

ఇవన్నీ ఆయనకు చెప్పినవాళ్లెవరు? అద్దకం పనిలో ఆరితేరి, ఆ మధ్యే తన దగ్గర క్రైస్తవంలో కలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నానని ఆయనే రాశాడు. ఒక్కొక్కళ్లనీ విడివిడిగా, మళ్లీ మళ్లీ అడిగి, చెప్పినవి సరిపోల్చుకున్నానని కూడా రాశాడు. పేర్లు మాత్రం రాయలేదు. ఈ సంగతి దగ్గర నేను ప్రతిసారీ నిలబడిపోతాను. జ్ఞానస్నానం ఇచ్చిన ఫాదర్‌కు ఆ మనుషుల పేర్లు తెలియకపోవడం అన్న మాటే లేదు. ఆ స్నానంలో వాళ్లకు కొత్త పేరు పెట్టేది ఫాదరే కదా. తన నోటితో పలికి పెట్టిన పేర్లు తన ఉత్తరంలోకి రాకుండా పోయాయి. మోసం చేయాలన్న తలంపు ఆయనకు ఉందని నేను అనుకోను. ఆయన దృష్టిలో అది దేశానికి పనికొచ్చే జ్ఞానం. చెప్పినవాడి హక్కు అన్న ఊహ ఆయన తలలో లేదు, ఆ కాలం తలలోనే లేదు. ఫ్రాన్సులో కనిపెట్టినవాడికి ఆ హక్కు రావడానికి ఇంకా 49 ఏళ్లు పట్టింది. కోరమండల్ పనివాడికి రానేలేదు. 1806లో పతకం ఎవరి మెడకి రావాలో అని నేను తగువు పెట్టడం లేదు. ఒబెర్కాంఫ్ కష్టజీవి, రాగి రేకులతో, రాగి రోలర్లతో అద్దే పద్ధతులను ఆ కార్ఖానాలో నిలబెట్టినవాడు. ఆ పతకానికి అర్హుడే. కానీ ఆ బట్ట పుట్టుకలో సగం పేర్లు లేకుండానే ఆ పతకం పోత పోశారు.

మచిలీపట్నం దగ్గరి పెడనలో అద్దకం చేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను ఒకసారి. నల్లరంగు కోసం తుప్పు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి ఒక పెద్ద కుండలో ఊరబెట్టారు. ఎన్నాళ్లు ఊరాలి బాబాయ్ అని అడిగాను. "రోజుల లెక్కేముంది బాబూ, వాసన చూస్తే తెలీదూ" అని మూత తీసి నన్ను వంగమన్నాడు. పుల్లటి ఘాటు ముక్కుకి కొట్టింది. ఇంకా కాలేదన్నాడు. నాకైతే అయినట్టే ఉంది. కరక్కాయ పట్టించిన లేత పసుపు గుడ్డ మీద ఆ నల్లనీటి చుక్క పడగానే, అప్పటిదాకా తేనెరంగులో ఉన్నది కళ్లముందే నల్లబడింది. పటికతో అద్దిన చోట మాత్రం ఏమీ కనబడదు. కాలవ నీళ్లలో జాడించి, జాజి ఆకు వేసి వేళ్ల రంగులో ఉడికించాకే అక్కడ ఎరుపు లేస్తుంది. కనబడని పువ్వులను అచ్చుతో వరస తప్పకుండా అద్దుకుంటూ పోవాలన్నమాట. కేర్దూ ఉత్తరం ఎంత వివరంగా ఉన్నా అందులో ఆ వాసన లేదు. అది చేతిలో, ముక్కులో ఉన్న చదువు. కాగితం మీదికి దిగినంతవరకే ఫ్రాన్సుకి వెళ్లింది, మిగతాది ఇక్కడే ఉండిపోయింది. ఆ మిగిలిన ముక్కతోనే పెడన బతికింది.

చూపించడం, చూపబడటం ఒకటి కాదు. 1866లో లండన్‌లో ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి మన నేతల నమూనాలను 700 ముక్కలుగా కోసి 18 సంపుటాల్లో అతికించాడు. అలాంటి సెట్లు ఇరవై చేయించి, పదమూడు బ్రిటన్, ఐర్లండుల్లోని పట్టణాలకు, తక్కినవి ఇండియాకి పంపారు. పొడవు, వెడల్పు, బరువు, కొన్న ఊరు అన్నీ ఉన్నాయి. లాంకషైర్ వాళ్లు వాటిని చూసి అదే రకం బట్ట మనకు అమ్మాలన్నది ఉద్దేశం. నేసినవాళ్ల పేర్లు అక్కరలేకపోయాయి. అది కూడా ప్రదర్శనే. గుప్పిట విప్పింది నేతగాడు కాదు, విప్పించినవాడు వేరు.

ఫ్రెంచి యజమానులకూ ఈ భయం ఉండేది. 1849 ప్రదర్శనకు విదేశీయులను పిలుద్దామా అని మంత్రి బ్యూఫే వర్తక మండళ్లను అడిగితే, వద్దేవద్దు, బయటివాళ్లు వస్తే మా పనులు కాపీ కొడతారు, మా సంతలు పోతాయి అన్నాయి. ఆ ప్రదర్శన చూడ్డానికి వచ్చిన హెన్రీ కోల్ అనే ఇంగ్లీషాయన ఆ ఆలోచనను లండన్‌కు పట్టుకుపోయాడు. 1851లో హైడ్ పార్కులో అద్దాల మేడ కట్టి లోకాన్నంతా పిలిచారు. అందులో పాల్గొన్న ఫ్రెంచివాళ్లు దాదాపు 1,700 మంది. సెవ్ర్ పింగాణీ, గోబెలాఁ తివాచీలు, లియాన్ పట్టు, ఫూర్దిన్వా చెక్కిన భోజనాల గది బీరువా. విదేశీయుల్లో ఎక్కువ పతకాలు వాళ్లవే. భయపడి మూసుకున్న చోట రాని పేరు, తెరిచిన చోట వచ్చింది. 1855లో ఫ్రాన్సు తన తలుపులూ తీసింది. మన్నులోంచి తీసిన వెండి అంటూ ఆంరీ సెంత్ క్లేర్ దెవీల్ తెచ్చిన అల్యూమినియం కడ్డీలు చూడ్డానికి జనం ఎగబడ్డారు. అప్పుడది వెండి కంటే ఖరీదు. దెవీల్ 1859లో తన పద్ధతంతా పుస్తకంగా వేశాడు. 1886లో ఎరూ, హాల్ అనే ఇద్దరు కుర్రవాళ్లు విడివిడిగా విద్యుత్తుతో తీసే దారి కనుక్కున్నాక, అది మన వంటిళ్లలో సత్తు గిన్నె అయింది.

ఇన్ని ప్రదర్శనల్లోనూ బల్ల మీద కార్డు యజమాని పేరుతో ఉండేది. దాన్ని గట్టిగా ప్రశ్నించినవాళ్లు ఫ్రెంచి కార్మికులు. 1862 లండన్ ప్రదర్శనకు మూడో నెపోలియన్ ప్రభుత్వం సుమారు 200 మంది పనివాళ్లను, వాళ్ల వృత్తుల వాళ్లు ఎన్నుకున్న ప్రతినిధులుగా పంపింది. యంత్రాలు చూసి నేర్చుకు రమ్మంది. వాళ్లు యంత్రాలు చూశారు. అవతలివాడి కూలి ఎంత, ఎన్ని గంటల పని, సంఘం పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు. కంచు మీద చెక్కడం పనివాడు తొలాఁ వాళ్లలో ఒకడు. ఆ పరిచయాలు 1864లో లండన్‌లో అంతర్జాతీయ కార్మిక సంఘం పుట్టేదాకా వెళ్లాయి. 1867 పారిస్ ప్రదర్శనకు వచ్చేసరికి వందకు పైగా వృత్తుల ప్రతినిధులు తాము చూసినదాన్ని నివేదికలుగా రాసి అచ్చు వేయించారు. ఫలానా కుర్చీలో కీలు బాగా కూర్చలేదని, ఫలానా గాజు పని మెచ్చదగ్గదని పనివాడి కంటితో రాసిన మాటలు అవి. పతకాల జాబితా కంటే నాకు ఆ నివేదికల మాటే ఎక్కువ ఇష్టం. వస్తువు చేసే మనిషి అందులో తన పేరుతో, తన గొంతుతో మాట్లాడాడు.

మచిలీపట్నం కలంకారీకి, శ్రీకాళహస్తి కలంకారీకి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది. ఎక్కడో మిల్లులో స్క్రీన్ ప్రింట్ కొట్టి ఆ పేరుతో అమ్మితే చట్టప్రకారం నేరం. ఈ మాట చాలామందికి తెలుసు. తక్కువమందికి తెలిసినది, ఆ రిజిస్టరులో రెండు భాగాలున్నాయని. మొదటి భాగంలో వస్తువు, ఊరు, దరఖాస్తు పెట్టుకున్న సంఘం. రెండో భాగంలో అధీకృత వినియోగదారులు, అంటే నిజంగా ఆ పని చేసే మనుషులు, తమ సొంత పేర్లతో నమోదు చేసుకోవచ్చు. నమోదు పదేళ్లు నిలుస్తుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. దరఖాస్తు నింపడానికి, పని చేస్తున్నట్టు రుజువులు జత చేయడానికి పెడనలో అచ్చు పట్టే మనిషికి తీరిక ఉండదు, తోడు కావాలి. చేనేత సంఘాల వాళ్లు, కాలేజీ పిల్లలు, ఆ ఊళ్లలో పుట్టి బయట స్థిరపడ్డవాళ్లు ఒక ఆదివారం కూర్చుంటే కొన్ని దరఖాస్తులైనా పూర్తవుతాయి. అచ్చు చెక్కేవాళ్లనీ, కాలవలో బట్ట జాడించే ఆడవాళ్లనీ ఆ జాబితాలోకి ఎలా తేవాలో కూడా అప్పుడే ఆలోచించాలి.